మారుతున్న సముద్రం – మన ఆరోగ్యం

కడపలోనో కర్నూలులోనో 42 డిగ్రీల ఎండను ఏళ్ళ తరబడి ఓర్చుకున్న మనిషి చెన్నైకి వచ్చిన తొలి వేసవిలో 37 డిగ్రీలకే సొమ్మసిల్లిపోతాడు. "ఇక్కడ ఎండ తక్కువే గాని ఒళ్ళంతా జిడ్డు, ఊపిరాడదు" అని ఊరినుండి వచ్చిన బంధువులు వాపోవడం ఈ నగరంలోని తెలుగు ఇళ్ళలో ఏటా వినిపించే మాటే. ఉష్ణమాపకం తప్పు చూపడం లేదు, బంధువులూ గోరంతను కొండంత చేయడం లేదు. ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడా సముద్రం.

మనలో చాలామంది మెరీనాకు వెళ్ళి నెలలు గడిచి ఉండవచ్చు. అయినా మనం పీల్చే గాలిలో, బోరు నీటిలో, కంచంలోని చేపలో, కార్తీక మార్గశిర మాసాల తుపానులో సముద్రం మన ఇంటికి వస్తూనే ఉంటుంది. ఆ సముద్రం ఇప్పుడు మారుతోంది. ఆ మార్పు ఏ దారిన ఒంటికి చేరుతుందో, ఇంటిలోనూ వీధిలోనూ వైద్యశాలలోనూ మనం ఏమి చేయవచ్చునో తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సముద్రంలో జరుగుతున్నదేమిటి?

బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించినప్పుడు గాలిలో చేరే బొగ్గుపులుసు వాయువు, భూమినుండి పైకి పోవలసిన వేడిని పట్టి ఉంచుతుంది. అలా మిగిలిన అదనపు వేడిలో నూటికి 90 పాళ్ళకు పైగా సముద్రాలే ఇముడ్చుకున్నాయి. మానవులు విడిచిన బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగో వంతును కూడా అవే కరిగించుకున్నాయి. సముద్రం ఈ భారం మోయకపోతే నేల మీద వేడి ఈపాటికి భరించలేనంతగా పెరిగి ఉండేది. కాని ఆ భారం మోసినందువల్ల సముద్రంలో మూడు మార్పులు వచ్చాయి.

మొదటిది వేడి. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ప్రకటించిన అంచనా ప్రకారం, 1951 నుండి 2015 వరకు ఉష్ణమండల హిందూ మహాసముద్రపు పైనీరు సగటున 1 డిగ్రీ సెల్సియస్ వేడెక్కింది. అదే కాలంలో ప్రపంచ సముద్రాల సగటు పెరుగుదల 0.7 డిగ్రీలు. ఒక్క డిగ్రీకి ఇంత చింత ఎందుకని అనిపించవచ్చు. బిడ్డ ఒళ్ళు 98.6 నుండి 100.4 ఫారన్‌హీటుకు చేరితే మనం జ్వరమంటాం. ఆ తేడా కూడా సరిగ్గా ఒక సెల్సియస్ డిగ్రీయే.

రెండవది నీటి మట్టం. 1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్ర మట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. మన వైపున, అంటే ఉత్తర హిందూ మహాసముద్రంలో, 1993–2017 మధ్య ఏడాదికి 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. వేడెక్కిన నీరు వ్యాకోచించడం, నేల మీది మంచు కరిగి సముద్రంలో చేరడం ఇందుకు ముఖ్య కారణాలు.

మూడవది ఆమ్లగుణం. కరిగిన బొగ్గుపులుసు వాయువు సముద్రపు నీటిని కొద్దికొద్దిగా ఆమ్లం వైపు నెడుతోంది. పారిశ్రామిక యుగానికి ముందున్న దానితో పోలిస్తే ఆమ్లత్వం నాలుగో వంతుకు మించి పెరిగింది. గుల్లలు, పగడాలు, సున్నపు కవచం కట్టుకునే చిన్న జీవులు దీనివలన బలహీనపడతాయి. వాటిని తినే చేపల మీద, ఆ చేపలను తినే మనుషుల మీద దాని ప్రభావం మెల్లగా పడుతుంది.

ఇక ఈ మార్పులు మన ఒంటిని చేరే దారులను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి దారి: చెమట ఆరని ఎండ

వేసవి మధ్యాహ్నాలలో తూర్పునుండి సముద్రపు గాలి వీచడం చెన్నైవాసులకు పెద్ద ఊరట. నేల త్వరగా వేడెక్కుతుంది, దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ చోటును నింపడానికి సముద్రం మీది చల్లగాలి లోపలికి వస్తుంది. ఆ గాలి ఆలస్యమైన రోజున నగరం ఉడికిపోతుంది. అయితే ఆ గాలి చల్లదనంతో పాటు నీటి ఆవిరిని కూడా మోసుకొస్తుంది. సముద్రం వేడెక్కినకొద్దీ ఆవిరి పెరుగుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు.

మన ఒళ్ళు చల్లబడేది చెమట కారడం వలన కాదు, అది ఆరడం వలన. కడపలోని పొడిగాలిలో చెమట పుట్టగానే ఆరిపోతుంది. ఆ ఆరడంలోనే ఒంటి వేడి పోతుంది. తేమ నిండిన గాలిలో చెమట ధారగా కారుతుంది గాని ఆరదు. నీరూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం లోపలే నిలుస్తుంది. భారత వాతావరణ శాఖ వడగాడ్పును నిర్ణయించేటప్పుడు మైదానాలలో కనీసం 40 డిగ్రీలను, తీర ప్రాంతాలలో కనీసం 37 డిగ్రీలను పరిగణించడం ఊరికే కాదు.

ఉష్ణమాపకపు గుండుకు తడిగుడ్డ చుట్టి చూసే కొలతను తడి ఉష్ణోగ్రత అంటారు. అది 35 డిగ్రీలకు చేరితే నీడలో కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని లెక్క కట్టారు. ఇటీవలి ప్రయోగాలలో ఆరోగ్యవంతులైన యువతీయువకుల శరీరాలు, తేమగాలిలో, సుమారు 31 డిగ్రీల తడి ఉష్ణోగ్రత వద్దనే అదుపు తప్పడం మొదలుపెట్టాయి. వృద్ధులకు, గర్భిణులకు, గుండె, మూత్రపిండాల వ్యాధులు ఉన్నవారికి ఆ హద్దు ఇంకా తక్కువ.

కట్టడపు పనివారు, వీధులు శుభ్రపరిచేవారు, బస్తాలు మోసేవారు, హోటలు వంటగదులలో పొయ్యి ముందు నిలిచేవారు ఈ వేడిని ముందుగా అనుభవిస్తారు. వారిలోనూ కొత్తగా ఊరినుండి వచ్చి పనిలో చేరినవారికి ముప్పు ఎక్కువ. వేడికి శరీరం అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది; పనిచోట ఎండదెబ్బ మరణాలలో ఎక్కువ భాగం మొదటి కొద్ది రోజులలోనే సంభవిస్తాయి. కాబట్టి వృత్తి ఆరోగ్య నిపుణులు కొత్తవారికి ఒక పద్ధతి సూచిస్తారు: మొదటి రోజు పూర్తి పనిలో ఐదో వంతు మాత్రమే ఎండలో చేయించాలి, ఆపై రోజుకు ఐదో వంతు చొప్పున పెంచాలి. మేస్త్రీలు, గుత్తేదారులు ఈ నియమాన్ని పాటిస్తే ప్రాణాలు నిలుస్తాయి. పండుగకు ఊరు వెళ్ళి నెల తరువాత తిరిగి వచ్చిన పాత పనివారి శరీరం కూడా ఆ అలవాటును చాలావరకు కోల్పోయి ఉంటుందని మరువరాదు.

దాహం వేసేదాకా ఆగకుండా నీరు తాగాలి. మజ్జిగ, గంజి, రాగి అంబలి మేలైనవి. నీరు తక్కువై, ఒళ్ళు పదేపదే వేడెక్కితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మూత్రం ముదురు రంగులో రావడం దానికి తొలి హెచ్చరిక. రక్తపోటు ఉన్నవారు తాము వాడే మాత్రలలో నీరు పోవడానికి ఇచ్చేవి ఉన్నాయేమో అడిగి తెలుసుకుని, వేసవిలో మోతాదు మార్చాలా అని వైద్యుని సంప్రదించాలి. తమంతట తాము మాత్రలు మానరాదు.

ఎండలో పనిచేస్తున్న మనిషి తడబడుతూ మాట్లాడినా, ఎక్కడున్నాడో తెలియనట్లు ప్రవర్తించినా, మూర్ఛ వచ్చినా అది ఎండదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేలోగా నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి, విసరాలి. మెడ, చంకలు, గజ్జల వద్ద మంచు గాని తడిగుడ్డలు గాని ఉంచాలి. స్పృహ లేనివారి నోట నీళ్ళు పోయరాదు.

రెండవ దారి: ఉప్పెక్కుతున్న బావి

తీరంలో నేల అడుగున మంచినీరు, ఉప్పునీరు పక్కపక్కనే ఉంటాయి. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. అందుచేత మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. నేల లోపల మంచినీటి మట్టం సముద్ర మట్టం కంటే ఒక అడుగు ఎత్తున నిలిస్తే, దాని బరువుకు ఉప్పునీరు సుమారు 40 అడుగుల లోతుకు అణగి ఉంటుందని భూజల శాస్త్రం చెబుతుంది. ఈ లెక్క తిరగబడినప్పుడే ప్రమాదం. బోర్లతో తోడి తోడి మంచినీటి మట్టాన్ని ఒక అడుగు దించితే, కింది ఉప్పునీరు కాలక్రమేణా 40 అడుగులు పైకి రాగలదు. ఒకవైపు మనం తోడుతున్నాం, మరొకవైపు సముద్ర మట్టం పెరుగుతోంది. మన నగరానికి ఉత్తరాన ఉన్న మీంజూరు ప్రాంతపు బావులలోకి సముద్రపు నీరు చొరబడటం 1960ల చివరినుండి నమోదవుతూనే ఉంది.

ఉప్పునీరు తాగితే ఏమవుతుంది? బంగ్లాదేశ్ తీరంలోని దాకోప్ ప్రాంతంలో గర్భిణుల మీద జరిపిన పరిశీలన 2011లో వెలువడింది. అక్కడ చాలామంది చెరువులు, బావులు, నదుల నీరే తాగుతారు. వానలు లేని కాలంలో ఆ నీటిలో ఉప్పు పెరుగుతుంది. ఆ కాలంలో గర్భిణులలో రక్తపోటు ఎక్కువగా కనిపించింది. తాగే నీటిలో ఉప్పు ఎక్కువైనకొద్దీ గర్భవాతపు ముప్పు కూడా పెరిగింది. గర్భవాతమంటే రక్తపోటు పెరిగి, కాళ్ళూ ముఖమూ వాచి, తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం తెచ్చే స్థితి.

దీనిని మన ఇంటి లెక్కకు తెచ్చుకుందాం. పెద్దవారు రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఒక లీటరు బోరు నీటిలో ఒక గ్రాము ఉప్పు ఉన్నదనుకుందాం. రోజుకు మూడు లీటర్లు తాగే మనిషికి నీటి ద్వారానే 3 గ్రాములు చేరిపోతాయి. కూరలో ఉప్పు తగ్గించమని వైద్యుడు చెప్పగా నోరు కట్టుకుని చప్పిడి తింటున్న రోగికి, రక్తపోటు ఎందుకు తగ్గడం లేదో అర్థం కాదు. ఏళ్ళ తరబడి అదే నీరు తాగిన నాలుకకు ఉప్పదనం తెలియకుండా పోతుంది. ఊరినుండి వచ్చిన చుట్టం "ఈ నీళ్ళేమిటి ఇలా ఉన్నాయి?" అని అడిగితే ఆ మాటను తేలికగా తీసుకోకండి. చుట్టం నాలుక ఇంకా మోసపోలేదు.

నీటిని కాచితే క్రిములు చస్తాయి, ఉప్పు పోదు. నీరు ఆవిరైనకొద్దీ మిగిలిన నీటిలో ఉప్పు మరింత చిక్కబడుతుంది. గుడ్డలో వడకట్టినా, సాధారణ ఫిల్టరులో పోసినా ఉప్పు పోదు. కాబట్టి బోరు నీటిని స్నానానికి, బట్టలకు, గిన్నెలకు ఉంచి, తాగడానికీ వండటానికీ నగర సరఫరా నీటినే వాడటం మేలు. ఇంటిలో గర్భిణి, రక్తపోటు రోగి, మూత్రపిండాల రోగి ఉంటే ఇది తప్పనిసరి. పసిబిడ్డల పాలపొడి కలపడానికి, విరేచనాలకు ఇచ్చే ఓఆర్‌ఎస్ కలపడానికి కూడా ఉప్పు బోరు నీరు పనికిరాదు. ప్యాకెట్టులోని కొలత మంచినీటికి సరిపోయేలా చేసినది.

మూడవ దారి: తుపాను, ఆ తరువాతి వారాలు

తుపానుకు వేడి సముద్రమే ఇంధనం. పైనీరు సుమారు 26.5 డిగ్రీలకు మించి వేడెక్కిన చోటనే తుపానులు పుట్టి బలపడతాయి. బంగాళాఖాతం ఏడాదిలో చాలాకాలం అంతకు మించిన వేడితోనే ఉంటుంది. వేడి పెరిగినకొద్దీ తుపాను మోసే నీరు పెరుగుతుంది. 2015 డిసెంబరు వరదను, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను కురిపించిన వానను ఈ నగరం మరువలేదు. ఆ తుపాను బాపట్ల వద్ద తీరం దాటింది గాని, దాటకముందే ఇక్కడ వీధులను ముంచింది. వరదతో పాటు చమురు కూడా ఎన్నూరు కాలువలోకి చేరి, అక్కడి మత్స్యకారుల పడవలకూ వలలకూ ఒంటికీ అంటింది.

ముందస్తు హెచ్చరిక ప్రాణాలు కాపాడుతుందనడానికి ఒడిశా తీరమే సాక్ష్యం. 1999 అక్టోబరు మహా తుపానులో అక్కడ సుమారు పదివేలమంది మరణించారు. 2013 అక్టోబరులో చాలా తీవ్రమైన ఫైలిన్ తుపాను, తెలుగువారు తరతరాలుగా నివసించే గోపాలపురం వద్ద తీరం దాటింది. ముందుగా సుమారు పది లక్షల మందిని సురక్షిత స్థలాలకు తరలించినందువలన మరణాలు పదుల సంఖ్యకే పరిమితమయ్యాయి. ఇక్కడ మనకొక పాఠం ఉంది. హెచ్చరిక తమిళంలో వస్తుంది; ఇంటిలోని పెద్దవారికి, కొత్తగా వచ్చిన పనివారికి అది అందకపోవచ్చు. తమిళం తెలిసిన ఒక్కరైనా పక్కింటి తెలుగువారికి ఆ మాటను విడమరచి చెప్పడం పౌరధర్మం.

నీరు తీసిన తరువాత అసలు రోగాలు మొదలవుతాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో నడిచినవారికి కాలి పుండ్ల ద్వారా, పగిలిన పాదాల ద్వారా లెప్టోస్పైరోసిస్ క్రిమి ప్రవేశిస్తుంది. సాధారణంగా ఒకటి రెండు వారాల తరువాత జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళ ఎరుపు కనిపిస్తాయి. అప్పటికి వీధి ఆరిపోయి ఉంటుంది, వరదను మనం మరచిపోయి ఉంటాం. వైద్యుడు మామూలు జ్వరమనుకుని మందు ఇవ్వవచ్చు. ఆలస్యమైతే కామెర్లు వచ్చి, మూత్రపిండాలు చెడుతాయి. ఆరంభంలోనే గుర్తిస్తే సామాన్యమైన మందులతో నయమవుతుంది. వరద నీటిలో దిగక తప్పనివారు బూట్లు ధరించాలి, పుండ్లకు కట్టు కట్టాలి, ముందు జాగ్రత్త మాత్రల గురించి ఆరోగ్య కేంద్రంలో అడగాలి.

కలరాకు సముద్రంతో ఉన్న సంబంధం ఆశ్చర్యకరమైనది. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో కలరా క్రిమిని గుర్తించినప్పుడు అది రోగులనుండి రోగులకు మాత్రమే పాకుతుందని అనుకున్నారు. తరువాత అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్వెల్, ఆమె సహచరులు ఆ క్రిమికి తీరపు ఉప్పునీరు, నదీముఖాలే పుట్టిల్లని చూపారు. కంటికి కనిపించీ కనిపించని నీటిపురుగులను అంటిపెట్టుకుని అది జీవిస్తుంది. సముద్రపు పైనీరు వేడెక్కినప్పుడు ఆ పురుగులూ, వాటితో పాటు క్రిమీ పెరుగుతాయి. ఈ జ్ఞానంనుండి ఒక సులభమైన ఉపాయం పుట్టింది. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ గ్రామాలలో స్త్రీలు పాత నూలుచీరను కనీసం నాలుగు మడతలు వేసి బిందె మూతికి కట్టి నీరు వడకట్టారు. కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో ప్రకటించారు. ఉతికి ఉతికి నలిగిన చీరలో దారాలు విచ్చి, సందులు చిన్నవై, నీటిపురుగులు అందులో చిక్కుకుంటాయి. మన అమ్మమ్మలు బిందెకు గుడ్డ కట్టి నీరు పట్టడం వెనుక కూడా మేలే ఉన్నది. అయితే వడకట్టడం కాచడానికి బదులు కాదు. వరద రోజులలో వడకట్టిన నీటిని తెర్లకాచి, చల్లార్చి, మూతపెట్టి వాడాలి.

తుపాను కాలంలో మందులు అందకపోవడం కూడా ప్రమాదమే. చక్కెర వ్యాధి, రక్తపోటు, మూర్ఛ ఉన్నవారు అక్టోబరునుండి డిసెంబరు వరకు కనీసం రెండు వారాల మందులు ఇంట ఉంచుకోవాలి. కరెంటు పోతే ఇన్సులిన్ సీసాను నీరు చొరని సంచిలో కట్టి, చల్లని మట్టికుండలో ఉంచవచ్చు. డయాలసిస్ చేయించుకునేవారు హెచ్చరిక వెలువడిన రోజే తమ కేంద్రంతో మాట్లాడి, వీలైతే వంతును ముందుకు జరుపుకోవాలి.

నాలుగవ దారి: కంచంలోని చేప

చేప మంచి ఆహారం. ఖరీదైన చేపల కంటే సామాన్యులు కొనే కవళ్ళు, కానాగంతలలోనే గుండెకు మేలు చేసే కొవ్వు మెండు. సముద్రం మారుతోందని చేప మానవలసిన పనిలేదు. కొనే తీరు మార్చుకుంటే చాలు.

కానాగంత, కవళ్ళు, సూర వంటి చేపల మాంసంలో సహజంగా ఉండే ఒక పదార్థాన్ని, చేప చచ్చిన తరువాత వేడికి పెరిగే క్రిములు హిస్టమిన్ అనే పదార్థంగా మారుస్తాయి. సముద్రమూ గాలీ వేడెక్కినకొద్దీ, పట్టిన క్షణంనుండి మంచు తగిలే వరకు గడిచే ప్రతి గంటా ఇందుకు తోడవుతుంది. దగ్గరి నీటిలో చేప కరువై పడవలు దూరం వెళ్ళవలసివస్తే ఆ గంటలు ఇంకా పెరుగుతాయి. హిస్టమిన్ ఒకసారి ఏర్పడిన తరువాత ఎంత ఉడికించినా, వేయించినా పోదు. తిన్న కొద్ది నిమిషాలనుండి రెండు గంటల లోపు ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు, గుండెదడ, వాంతులు వస్తాయి. "నాకు చేప పడదు" అని జీవితాంతం చేప మానేసినవారిలో కొందరికి పడనిది చేప కాకపోవచ్చు, మంచు తగలని చేప కావచ్చు.

కాశిమేడులోనైనా, వీధి బండి వద్దనైనా మంచులో కప్పి ఉంచిన చేపనే కొనండి. మధ్యాహ్నం మిగిలిన చేప చవకగా వస్తుంది గాని, ఎండలో నిలిచినదైతే ఆ చవక మందుల ఖర్చుకు చాలదు. ఇక్కడ కానాగంతను కానాంగెళుత్తి అనీ, సూరను సూరై అనీ పిలుస్తారు. ఈ రెండింటి విషయంలో మంచు గురించి ప్రత్యేకంగా అడగాలి.

ఉప్పునీటిలో పెరిగే మరొక క్రిమి గాయాల ద్వారా ప్రవేశిస్తుంది. అది కూడా కలరా క్రిమి జాతిదే, వేడి నీటిలో వృద్ధి చెందేదే. రొయ్యల ముల్లు గుచ్చుకున్నప్పుడు, చేప కోస్తూ వేలు తెగినప్పుడు ఆరోగ్యవంతులకు సాధారణంగా ఏమీ కాదు. కాలేయ వ్యాధి, చక్కెర వ్యాధి ఉన్నవారికి మాత్రం కొన్ని గంటలలోనే వాపు, బొబ్బలు, తీవ్ర జ్వరం రావచ్చు. చేపల పనిచేసేవారు గాయాన్ని వెంటనే సబ్బుతో మంచినీటిలో కడగాలి. వాపు పాకుతుంటే తెల్లవారేదాకా వేచి ఉండరాదు.

వైద్యునికి చెప్పవలసిన నాలుగు మాటలు

పైన చెప్పిన వ్యాధులలో ఒక సామాన్య లక్షణం ఉన్నది. జ్వరం, రక్తపోటు, దద్దుర్లు, నీరసం వేరే కారణాల వలన కూడా వస్తాయి. రోగి ఏ నీరు తాగుతాడో, ఎక్కడ పనిచేస్తాడో, ఏ నీటిలో నడిచాడో, ఏమి తిన్నాడో తెలియకపోతే వైద్యుడు అసలు కారణాన్ని ఊహించలేడు. రద్దీగా ఉన్న ఆరోగ్య కేంద్రంలో, రాని భాషలో, మన వంతు రాగానే "జ్వరం" అని ఒక్క ముక్క చెప్పి చీటీ తీసుకుని వచ్చేస్తాం. ఆ చెప్పని మాటలోనే రోగకారణం ఉండవచ్చు.

అందుచేత తమిళం రానివారు ఈ నాలుగు వాక్యాలను నేర్చుకుని ఉంచుకోవడం మంచిది.

ఎండలో పనిచేస్తాను: వెయిల్‌ల వేల సెయ్యిరేన్.

బోరు నీరు తాగుతాను, ఉప్పగా ఉంటుంది: బోర్ తణ్ణి కుడిక్కిరేన్, ఉప్పా ఇరుక్కు.

వరద నీటిలో నడిచాను: వెళ్ళ తణ్ణీల నడందేన్.

చేప తిన్నాను, వెంటనే దురద వచ్చింది: మీన్ సాప్టేన్, ఉడనే అరిప్పు వందుచ్చు.

ఉచ్చారణ సరిగా రాకపోయినా ఫరవాలేదు, వైద్యునికి అర్థమవుతుంది. ఎన్ని రోజుల క్రితమో వేళ్ళతో చూపినా చాలు.

నగరం చేయవలసినది, మనం చేయవలసినది

సముద్రపు వేడిని ఏ ఒక్క నగరమూ తగ్గించలేదు. బొగ్గుపులుసు వాయువును తగ్గించడం ప్రపంచ దేశాలన్నీ కలిసి చేయవలసిన పని. అయితే సముద్రానికీ మన ఒంటికీ మధ్య నిలిచే అడ్డుగోడలు మాత్రం నగరంలోనే ఉన్నాయి.

వాననీటి ఇంకుడుగుంత అలాంటిది. తమిళనాడులో 2003లోనే ప్రతి భవనానికీ దీనిని తప్పనిసరి చేశారు. నేలలోకి ఇంకిన ప్రతి వాన చినుకూ మంచినీటి మట్టాన్ని ఎత్తి, ఉప్పునీటిని కిందికి అణుస్తుంది. ముందు చెప్పుకున్న ఒకటికి నలభై లెక్క ఇక్కడ మనకు అనుకూలంగా పనిచేస్తుంది. కాని పూడిక నిండిన గుంత ఉన్నా లేనట్లే. అద్దె ఇంటిలో ఉన్నవారు కూడా వానకాలానికి ముందు, సెప్టెంబరులో, దానిని తీయించమని ఇంటి యజమానిని అడగవచ్చు. 2010లో మీంజూరు వద్ద, 2013లో నెమ్మేలి వద్ద, ఒక్కొక్కటి రోజుకు పది కోట్ల లీటర్ల సామర్థ్యంతో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రాలు వచ్చాయి. వాటికి విద్యుత్తు చాలా కావాలి. గుంతకు ఒక పలుగు, ఒక పార చాలు.

చిత్తడి నేలలు మరొక అడ్డుగోడ. 2022లో అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేరిన పళ్ళికరణై చిత్తడి నేల, ఎన్నూరు కాలువ ఒడ్డున మిగిలిన మడచెట్లు వరద నీటిని తమలో నిలుపుకుని, మన వీధుల మీద భారం తగ్గిస్తాయి. వాటిలో చెత్త, కట్టడపు మట్టి పోయడం అంటే ఆ నీటిని మన గడపలోకి పిలవడమే.

మురుగు కాలువ నిండినా, వరద తరువాత వీధిలో నీరు నిలిచినా నగర పాలక సంస్థ సహాయవాణి 1913కు తెలియజేయవచ్చు. ఆరోగ్య సలహాకు 104, అత్యవసర వైద్యానికి 108 ఉన్నాయి. వార్డు సభలు జరిగినప్పుడు వెళ్ళి, పనిచోట నీడ, తాగునీరు, తుపాను హెచ్చరికలు తెలుగులో కూడా వినిపించడం వంటివి కోరడం మన హక్కు. ఈ నగరంలో ఎన్నాళ్ళుగా ఉన్నా, నిన్ననే దిగినా, ఆ హక్కు ఒక్కటే.

ఈ వేసవికి ముందు ఒక చిన్న పని చేయండి. ఇంటిలో తాగే నీటిని ఒక గ్లాసులో పట్టి, ఊరినుండి కొత్తగా వచ్చినవారికి ఇచ్చి రుచి అడగండి. ఉప్పగా ఉందంటే ఆ రోజునుండే తాగే నీటిని మార్చండి, ఇంటిలోని పెద్దవారికి రక్తపోటు చూపించండి. రుచికి తెలియని ఉప్పూ ఉండవచ్చు గనుక, వీలైతే బోరు నీటిని పరీక్షశాలలో పరీక్ష చేయించండి.